కొండ కింది హాస్టల్లో పిల్లల మాట వినేదెవరు?

విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023 జూలైలో మరణించింది. దర్యాప్తు సరిగా జరగలేదంటూ ఆమె తండ్రి చేసిన పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం ఆ కేసును సీబీఐకి అప్పగించింది. అంతటితో ఆగకుండా విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై దేశంలోని అన్ని విద్యాసంస్థలకూ వర్తించే 15 మార్గదర్శకాలు జారీ చేసింది. చట్టసభలు తగిన చట్టం చేసేదాకా వాటినే చట్టంలా పాటించాలని చెప్పింది.

ఆ తీర్పు అవసరమైన సమయంలోనే వచ్చింది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. 2023లో ఆ సంఖ్య 13,892కు చేరింది. అంటే రోజుకు 38 మంది. అయితే ఈ చర్చ ఎప్పుడు జరిగినా అందరి కళ్ల ముందు కదిలేది కోటా, హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటి నగరాల్లోని కోచింగ్ సెంటర్లు, కార్పొరేట్ కాలేజీలే. బస్సు రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే వచ్చే ఊళ్లో, అడవి అంచున ఉన్న ఆశ్రమ పాఠశాలలో, తన భాష ఎవరికీ రాని తరగతి గదిలో కూర్చున్న పదేళ్ల పిల్ల ఆ చిత్రంలో ఎక్కడా కనిపించదు. తీర్పులోని నిబంధనలు ఆ పిల్ల దాకా చేరతాయా అన్నదే ఇప్పుడు తేలాల్సిన ప్రశ్న.

వంద మంది గీత

మార్గదర్శకాల్లో ప్రధానమైనది కౌన్సెలర్ నియామకం. వంద మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన ఒక కౌన్సెలర్‌ను గానీ, సైకాలజిస్టును గానీ, సామాజిక కార్యకర్తను గానీ తప్పనిసరిగా నియమించుకోవాలి. వంద కంటే తక్కువ మంది ఉన్న చోట బయటి నిపుణులతో ఒప్పందం పెట్టుకుని, అవసరమైన పిల్లలను అక్కడికి పంపితే సరిపోతుంది. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లను తరగతి గదుల్లో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి.

నగరంలో ఈ ఏర్పాటుకు అర్థముంది. మారుమూల పల్లెలో ఏమవుతుంది? కేంద్ర విద్యాశాఖ 2024–25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో 1,04,125 బడులు ఒకే ఒక్క టీచరుతో నడుస్తున్నాయి. వాటిలో 33 లక్షలకు పైగా పిల్లలు చదువుతున్నారు. ఇలాంటి బడులు అత్యధికంగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అక్కడ వాటి సంఖ్య 12,912. సగటున ఒక్కో బడిలో ముప్పై మందికి కాస్త పైన పిల్లలు. అంటే ఇవి దాదాపుగా వంద మంది గీతకు కిందే ఉంటాయి. అక్కడ టీచరు శిక్షణకు వెళితే ఆ రోజు బడికి తాళం పడుతుంది. బయటి నిపుణుల దగ్గరికి పంపాలంటే బిడ్డను వెంట తీసుకెళ్లే తండ్రికో తల్లికో ఒక రోజు కూలి పోతుంది, రానుపోను ఖర్చు చేతి నుంచి పెట్టాలి. పైగా మానసిక వైద్యుడి దగ్గరికి అనగానే 'ఎర్రగడ్డకు పంపుతారా' అని వెక్కిరించే సమాజం మనది. జ్వరానికైతే ఆ దూరం వెళతారు. బిడ్డ మాట్లాడటం మానేసిందని, నిద్రలో ఉలిక్కిపడి లేస్తోందని ఎవరూ బస్సెక్కరు. గాలి సోకిందనో దిష్టి తగిలిందనో సరిపెట్టుకుంటారు.

పోనీ, పట్నం వెళితే డాక్టరు దొరుకుతాడా అంటే అదీ గ్యారంటీ లేదు. మన దేశంలో లక్ష జనాభాకు మానసిక వైద్యులు 0.75 మంది మాత్రమేనని, కనీసం ముగ్గురు ఉండాలని తరచూ చెప్పుకుంటున్నాం. ఉన్న ఆ కొద్దిమందిలోనూ ఎక్కువ మంది నగరాల్లోనే ఉన్నారు.

నగరాల పిల్లల్లోనే ఈ సమస్య ఎక్కువ కదా అనే వాదన ఉంది. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13–17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చింది. మహానగరాల్లో అది 13.5 శాతం, గ్రామాల్లో 6.9 శాతం. అయితే అది ఇంటింటికీ వెళ్లి చేసిన సర్వే. ఏడాదిలో పది నెలలు హాస్టల్లో ఉండే పిల్లవాడు ఇంటి దగ్గర దొరకడు. పైగా 6.9 శాతం అన్నా చిన్న సంఖ్యేమీ కాదు. నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరు ముగ్గురు పిల్లలు. ఆ ఇద్దరు ముగ్గురిని గుర్తుపట్టే మనిషి అక్కడ లేకపోవడమే పల్లెకూ నగరానికీ ఉన్న అసలు తేడా.

నవోదయలు నేర్పిన పాఠం

గ్రామీణ గురుకులాల్లో సమస్య లేదనుకునేవారు నవోదయ విద్యాలయాల అనుభవాన్ని గుర్తు చేసుకోవాలి. పల్లెల్లోని ప్రతిభావంతులైన పిల్లల కోసం 1986 నుంచి నడుస్తున్న బడులివి. పదో తరగతి, పన్నెండో తరగతి ఫలితాల్లో దేశంలోనే ముందుంటాయి. 2013 నుంచి 2017 వరకు ఐదేళ్లలో ఈ విద్యాలయాల్లో 49 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని 2018 డిసెంబరులో ఒక ఆంగ్ల దినపత్రిక బయటపెట్టింది. వారిలో సగం మంది దళిత, ఆదివాసీ పిల్లలు. ఆ కథనం తర్వాత జాతీయ మానవ హక్కుల సంఘం కేంద్రానికి నోటీసు ఇచ్చింది. ప్రభుత్వం కమిటీ వేసింది.

మంచి భవనం, మంచి భోజనం, మంచి ఫలితాలు ఉన్న చోట కూడా పిల్లలు లోలోపల ఒంటరిగా మిగిలిపోవచ్చునని ఆ 49 మరణాలు చెప్పాయి. నవోదయలో పాఠం చెప్పే టీచరే హౌస్ మాస్టరు కూడా. ఉదయం వ్యాయామం నుంచి రాత్రి పడకల దాకా ఆయనదే బాధ్యత. పిల్లవాడికి మార్కులు వేసేదీ, తప్పు చేస్తే శిక్షించేదీ, ఒంట్లో బాగాలేకపోతే చూసేదీ ఆయనే. అలాంటప్పుడు ఆ పిల్లవాడు తన భయాన్ని ఎవరికి చెప్పుకుంటాడు?

ఆశ్రమ పాఠశాలల్లో, గిరిజన గురుకులాల్లో ఈ ప్రశ్న ఇంకా తీవ్రంగా ఉంటుంది. అక్కడికి పిల్లలు ఎనిమిదేళ్లకో పదేళ్లకో వస్తారు. చాలామంది ఇంట్లో వాళ్లే మొదటి తరం చదువరులు. చదువులో వెనకబడితే కుటుంబం ఆశలన్నీ కూలిపోతాయన్న భయం ఒకవైపు, తమ్ముడో చెల్లో ఇంటి దగ్గర ఎలా ఉన్నారోనన్న బెంగ మరోవైపు. పండగ సెలవులకు వెళ్లిన పిల్లలు వారం పది రోజులైనా తిరిగి రాకపోతే రిజిస్టరులో 'గైర్హాజరు' అని పడుతుంది. కారణం అడిగే గడి ఆ రిజిస్టరులో ఉండదు. ఎందుకు రాలేదో తెలుసుకోగలిగితే బెంగా, పెద్దపిల్లల వేధింపా, ఇంట్లో పెళ్లి మాటలా, ఇంకేదైనా ఘోరమా అన్నది అక్కడే బయటపడుతుంది. మానసిక ఆరోగ్యం విషయంలో మారుమూల బడికి దొరికే మొదటి హెచ్చరిక అదే. దాన్ని చదివేవారు లేరు.

వార్డెన్‌కే చెప్పుకోవాలంటే

'ఇంకేదైనా ఘోరం' అన్నమాట ఊహించి రాసింది కాదు. అరుణాచల్ ప్రదేశ్‌లోని షి యోమి జిల్లా చైనా సరిహద్దును ఆనుకుని ఉండే కొండ ప్రాంతం. అక్కడి ఒక ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలో హాస్టల్ వార్డెన్ 2019 నుంచి 2022 వరకు 21 మంది పిల్లలపై లైంగిక దాడులకు పాల్పడ్డాడు. వారిలో ఆడపిల్లలే కాదు, మగపిల్లలూ ఉన్నారు. 2022లో తల్లిదండ్రులు ఫిర్యాదు చేసేదాకా విషయం బయటికి రాలేదు. 2024 సెప్టెంబరులో పోక్సో ప్రత్యేక కోర్టు వార్డెన్‌కు ఉరిశిక్ష విధించింది. తెలిసీ నోరు మెదపని మాజీ ప్రధానోపాధ్యాయుడికి, ఒక ఉపాధ్యాయుడికి ఇరవై ఏళ్ల చొప్పున జైలు శిక్ష పడింది.

మూడేళ్ల పాటు ఆ పిల్లలు ఎవరికీ చెప్పుకోలేకపోయారు. ఎందుకంటే బడిలో చెప్పుకోవాల్సిన మనుషులందరూ ఒకే వ్యవస్థలో భాగం. ఇంటికి మాట్లాడాలన్నా చాలా ప్రభుత్వ హాస్టళ్లలో పిల్లల దగ్గర ఫోన్ ఉండదు. వార్డెన్ ఫోన్ అడగాలి. అలాంటి చోట గోడ మీద హెల్ప్‌లైన్ నంబరు ఎంత పెద్ద అక్షరాలతో రాసినా పిల్లవాడు దాన్ని చదువుకోగలడే తప్ప డయల్ చేయలేడు. వార్డెన్లలో, టీచర్లలో అత్యధికులు పిల్లల కోసం పాటుపడేవారే. కానీ రక్షణ వ్యవస్థ మంచివారిని నమ్ముకుని నడవకూడదు. మంచివారు లేని రోజున కూడా పనిచేసేలా ఉండాలి.

ఏ భాషలో ఏడవాలి?

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి మానస్ ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగు సహా 20 భాషల్లో సేవ అందుతుంది. నగరాల్లో, పట్టణాల్లో లక్షల మందికి ఇది ఆసరా అయింది. అయితే గోండి ఆ జాబితాలో లేదు. 2011 జనగణన ప్రకారం ఆ భాష మాట్లాడేవారు దాదాపు 30 లక్షల మంది. కోయ, కువి వంటి భాషల పరిస్థితీ అంతే. ఆదిలాబాద్ అడవుల్లోనో, బస్తర్‌లోనో, అల్లూరి సీతారామరాజు జిల్లాలోనో పిల్లలు పాఠాలకు సరిపడా తెలుగో హిందీయో నేర్చుకుంటారు. కానీ లెక్కల ప్రశ్నకు జవాబు చెప్పే భాష వేరు, రాత్రిపూట భయమేస్తోందని చెప్పే భాష వేరు. రెండోది అమ్మ దగ్గర నేర్చుకున్నదే అయి ఉంటుంది.

ఈ సంగతి మన ప్రాంతానికి కొత్తది కాదు. 1940లో కుమ్రం భీం మరణించాక నిజాం ప్రభుత్వం ఆదివాసుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవడానికి మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన సూచనల మేరకు 1943లో మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ శిక్షణ ఇచ్చారు. గోండి భాషలో వాచకాలు తయారు చేశారు. బయటి నుంచి వచ్చే టీచరు కోసం ఎదురుచూడకుండా ఆ గూడెం మనిషినే టీచరును చేయాలన్నది ఆ ప్రయోగం సారాంశం. ఎనభై ఏళ్ల తర్వాత ఏకలవ్య పాఠశాలల్లో జరిగింది దీనికి తలకిందులు. 2023లో కేంద్రీకృత నియామకాలు చేపట్టి, హిందీ పరిజ్ఞానాన్ని తప్పనిసరి చేశారు. ఉత్తరాది నుంచి వచ్చినవారు దక్షిణాది గిరిజన ప్రాంతాల్లో టీచర్లుగా చేరారు. వారిని తప్పుపట్టాల్సిన పనిలేదు. భాష రాని చోట వారూ ఇబ్బంది పడ్డారు. పిల్లలతో మనసు విప్పి మాట్లాడే వీలును ఆ నియామక విధానమే తీసేసింది.

నలంద ఏం చెప్పింది?

ప్రభుత్వాలు ఇప్పటిదాకా ఎంచుకున్న దారి ఒకటే: ఉన్న టీచర్లకే మరో బాధ్యత అప్పగించడం. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద ప్రారంభమైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు టీచర్లను 'హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లు'గా ఎంపిక చేయమంటుంది. వారు వారానికో తరగతి తీసుకుని 11 అంశాలపై చెప్పాలి. అందులో మానసిక ఆరోగ్యం ఒకటి. ఖర్చు తక్కువ కాబట్టి పాలకులకు ఈ పద్ధతి నచ్చుతుంది. ఇది పనిచేస్తుందా అన్న ప్రశ్నకు బీహార్ నుంచి ఒక గట్టి జవాబు ఉంది.

నలంద జిల్లాలో 'సెహెర్' పేరుతో జరిగిన అధ్యయనం ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. డెబ్బైకి పైగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలలను మూడు భాగాలుగా విడదీశారు. మొదటి భాగంలో ప్రతి బడికీ ఒక స్థానిక వ్యక్తిని నియమించి శిక్షణ ఇచ్చారు. ఆ వ్యక్తి డాక్టరు కాదు, సైకాలజిస్టు కాదు. రెండో భాగంలో అదే శిక్షణను, అదే పనిని ఆ బడిలోని టీచరుకు అప్పగించారు. మూడో భాగంలో అప్పటికే నడుస్తున్న ప్రభుత్వ కార్యక్రమం మాత్రమే కొనసాగింది. చేసిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పేరు రాయకుండా సమస్యలు చెప్పుకునే ఉత్తరాల పెట్టె, గోడ పత్రిక, ప్రార్థన సమావేశంలో చర్చలు, పిల్లల బృందాలు, కావాల్సిన వారితో ఒంటరిగా మాట్లాడటం.

ఏడాది తిరిగేసరికి తేడా స్పష్టంగా కనిపించింది. బయటి నుంచి వచ్చిన శిక్షిత వ్యక్తి ఉన్న బడుల్లో వాతావరణం మెరుగుపడింది. కుంగుబాటు లక్షణాలు, వేధింపులు, కొట్లాటలు తగ్గాయి. మరుసటి ఏడాది ఆ ప్రయోజనం ఇంకా పెరిగిందని తదుపరి పరిశీలన తేల్చింది. ఇదే పనిని టీచర్లు చేసిన బడుల్లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు.

ఇందులో టీచర్లను చిన్నచూపు చూసేదేమీ లేదు. సిలబస్, పరీక్షలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లలో ఫొటోలు, ఎన్నికల విధులు అన్నీ మోస్తున్న మనిషికి పిల్లల మనసు వినే తీరిక ఎక్కడిది? ఉన్నా, నిన్న హోంవర్క్ చేయలేదని కోప్పడిన టీచరు దగ్గరికే ఇవాళ వెళ్లి మనసు విప్పడం పిల్లలకు సులభం కాదు. మారుమూల బడికి ఎంఫిల్ చేసిన సైకాలజిస్టు దొరక్కపోవచ్చు. మార్కులు వేయని, బెత్తం పట్టని, తన భాష వచ్చిన, వినడానికే నియమితుడైన ఒక మనిషి మాత్రం దొరుకుతాడు. ఆ మనిషిని తీసుకురావడం సాధ్యమేనని, దానివల్ల మేలు జరుగుతుందని నలంద రుజువు చేసింది.

చేయగలిగినవి

అలాగని నలంద నమూనాను యథాతథంగా కొండల్లో దింపితే సరిపోదు. అవి మైదాన ప్రాంతపు పగటి బడులు. పిల్లలు సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతారు. ఆశ్రమ పాఠశాలలో సమస్యలు మొదలయ్యేదే సాయంత్రం తర్వాత. కాబట్టి అక్కడ నియమించే వ్యక్తి హాస్టల్ వేళల్లో అందుబాటులో ఉండాలి. ఆడపిల్లల హాస్టల్లో మహిళే ఉండాలి. ఆ గూడేల నుంచి వచ్చి ఇంటరో డిగ్రీయో చదివి, ఉద్యోగం లేక తిరిగి ఊరు చేరిన యువతులు, యువకులు ప్రతి ఏజెన్సీ మండలంలోనూ ఉన్నారు. వారికి పిల్లల భాష వచ్చు. ఆ హాస్టల్ జీవితమూ తెలుసు, ఎందుకంటే వాళ్లూ అక్కడే చదివారు.

రెండో విషయం, వారు ఎవరికి జవాబుదారీ అన్నది. వార్డెన్ కిందో ప్రధానోపాధ్యాయుడి కిందో పనిచేస్తే షి యోమి లాంటి చోట వారి నోరూ మూతపడుతుంది. ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికో, జిల్లా బాలల సంరక్షణ విభాగానికో నేరుగా నివేదించేలా ఉండాలి. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై నేరం తెలిసిన ప్రతివారూ ఫిర్యాదు చేయాల్సిందే. ఆ బాధ్యత నిర్భయంగా నెరవేర్చే స్థానం వారికి ఇవ్వాలి. ఇంటికి ఫోన్ చేసుకునే వేళను పిల్లల హక్కుగా నిర్ణయించాలి. వార్డెన్ అనుమతి లేకుండా 14416కు, బాలల హెల్ప్‌లైన్ 1098కు చేయగలిగే ఒక ఫోన్ హాస్టల్లో ఉండాలి.

మూడోది, వీరు వైద్యులకు బదులు కాదు. తీవ్రమైన సమస్య ఉన్న బిడ్డను గుర్తించి పంపడం వారి పని. చికిత్స డాక్టరు పని. 1996 నుంచి నడుస్తున్న జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందం నెలకోసారైనా ఆశ్రమ పాఠశాలలకు వచ్చి వీరి పనిని పర్యవేక్షించాలి. పిల్లల్ని పట్నానికి పంపడం కంటే డాక్టరును కొండ ఎక్కించడం తక్కువ ఖర్చు. వంద మందిలోపు పిల్లలున్న పగటి బడుల సంగతికొస్తే, 2020 జాతీయ విద్యావిధానమే స్కూల్ కాంప్లెక్సుల వారీగా కౌన్సెలర్లను పంచుకోవచ్చని చెప్పింది. బడికొకరు కుదరనప్పుడు కాంప్లెక్సుకొకరు సాధ్యమే.

చివరిది డబ్బు. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల విషయంలో జరిగిందే ఇక్కడా జరిగే ప్రమాదముంది. గౌరవ వేతనం పేరుతో నాలుగు వేలో ఐదు వేలో ఇచ్చి, పది రకాల రిజిస్టర్లు అప్పగిస్తే ఏడాదిలో ఆ కుర్చీ ఖాళీ అవుతుంది. ఆశ్రమ పాఠశాలల్లో హెల్త్ వర్కర్లను నియమించాలని తెలుగు రాష్ట్రాల్లో విద్యార్థి సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాయి. ఒంటి ఆరోగ్యం చూసే మనిషికే దిక్కులేని చోట మనసు ఆరోగ్యం గురించి మాట్లాడటం అత్యాశ అనిపించవచ్చు. కానీ తల్లిదండ్రుల దగ్గర నుంచి పిల్లల్ని తీసుకుని తన గడపలో పెట్టుకున్నది ప్రభుత్వమే. హాస్టల్లో ఉన్నంతకాలం తల్లీ తండ్రీ అదే. కాబట్టి ఆ ఖర్చు అదనపు సౌకర్యం కింద రాదు. తీసుకున్న బాధ్యతలో భాగం.

సుప్రీంకోర్టు మార్గదర్శకాల అమలును చూసేందుకు జిల్లా కలెక్టర్ల అధ్యక్షతన కమిటీలు ఏర్పడాలి. ఆ కమిటీలు ఎన్ని బోర్డులు పెట్టారు, ఎన్ని శిక్షణలు జరిగాయి అని నివేదికలు తెప్పించుకుంటే పని కాగితం మీద పూర్తవుతుంది. దానికి బదులు ప్రతి హాస్టల్లో పిల్లల్ని ఒక్క ప్రశ్న అడిగితే చాలు: 'నీకు భయమేసినా బాధ కలిగినా ఇక్కడ ఎవరికి చెప్పుకుంటావు?' ఆ ప్రశ్నకు పిల్లలు ఒక మనిషి పేరు చెప్పగలిగిన హాస్టళ్లు ఎన్ని, తలదించుకుని ఊరుకున్నవి ఎన్ని అన్న లెక్క తీస్తే తీర్పు ఎక్కడిదాకా చేరిందో తెలిసిపోతుంది.